మిత్రుడి మాట మిగుల్చుకోవడం ఎలా? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కొన్ని ఒకే విషయం చుట్టూ తిరిగాయి. బాగా చదువుకున్నవాడు, నలుగురిలో కూర్చుంటే నవ్వులు పూయించేవాడు అయిన స్నేహితుడు ఉన్నట్టుండి పోయాడు. ఆయన మాటల్ని, పుస్తకాల్ని, ఉత్తరాల్ని, ఫోన్ని ఏం చేయాలి? ఆ ప్రశ్నలన్నిటినీ ఈసారి ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మేం ఆరుగురం బడి నాటి స్నేహితులం. మాలో ఒకడు మూడు వారాల కింద నిద్రలోనే గుండెపోటుతో పోయాడు. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు బాగా చదివినవాడు. నోరు తెరిస్తే చమత్కారమే. వాడి మాటలన్నీ రాసి పెట్టుకుందామని మొన్న ఐదుగురం కూర్చున్నాం. తీరా రాసి చదువుకుంటే ఒక్కటీ నవ్వు తెప్పించలేదు. మచ్చుకు ఒకటి: ‘సభలో ఎక్కువసేపు మాట్లాడిన ఒక వక్త గురించి మావాడు రెండు మాటలు పారేసుకున్నాడని ఎంతో హాస్యంగా వ్యాఖ్యానించాడు.’ ఎక్కడ పొరపాటు చేస్తున్నాం?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వెంటనే కూర్చోవడం మంచి పని. కలిసి కూర్చోవడం దగ్గర పొరపాటు జరిగింది. ఐదుగురు ఒకచోట ఉన్నప్పుడు మొదట చెప్పినవాడి జ్ఞాపకమే మిగతా నలుగురి జ్ఞాపకం అయిపోతుంది. ‘అవునవును, అలాగే అన్నాడు’ అంటారు. ఆ క్షణం నుంచి వాళ్లకు అలాగే గుర్తుంటుంది. అందుకని ముందు ఎవరికి వారు విడిగా రాయండి. రాయడం అలవాటు లేనివాళ్లు ఫోన్లో రికార్డు చేయండి, ఒక్కో సంఘటనకు రెండు మూడు నిమిషాలు చాలు. అందరివీ వచ్చాక పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరి కథనాల్లో ఒకేలా ఉన్న మాట దాదాపు ఆయన అన్న మాటే. తేడా ఉంటే రెండూ ఉంచండి, రాజీ చేసి మూడోది తయారు చేయకండి.

ఒక్కో సంఘటనకు ఐదు విషయాలు అడగండి: ఎక్కడ, ఎవరెవరున్నారు, అంతకు ముందు ఎవరు ఏమన్నారు, ఆయన నోటి నుంచి సరిగ్గా వచ్చిన మాట ఏది, ఆ తర్వాత ఎవరేం చేశారు. మూడోది అందరూ మరిచిపోతారు. చమత్కారం గాల్లోంచి పుట్టదు, ఎదుటివాడి మాటను పట్టుకుని పుడుతుంది. ఆ ఎదుటి మాట పోతే దీపం తీసేసి నీడను వెతుక్కున్నట్టే.

మీ ఉత్తరంలోనే దీనికి సాక్ష్యం ఉంది. పుస్తకంలో ఎక్కించిన వాక్యాన్ని మొదటి పేజీలో ఇచ్చారు. రెండో పేజీలో అదే సంగతి మాకు మామూలుగా చెబుతూ ఇలా రాశారు: ‘రెండు మాటల్లో ముగిస్తానని మైకు అందుకున్నాయన 40 నిమిషాలైనా వదల్లేదండీ. మావాడు నా చెవి దగ్గరకు వంగి, పాపం, ఆ రెండు మాటలూ ఎక్కడో పారేసుకున్నాడ్రా, వెతుక్కుంటున్నాడు, అన్నాడు.’ ఇది చదివి మేం నవ్వాం. మొదటిదానిలో లేనిదీ దీనిలో ఉన్నదీ ఏమిటో చూడండి. ‘రెండు మాటల్లో ముగిస్తాను’ అన్న వక్త మాట ముందే పడింది. 40 నిమిషాలన్న లెక్క ఉంది. ‘పారేసుకున్నాడ్రా’ అన్న యాస ఉంది. ‘ఎంతో హాస్యంగా’ లేదు. నవ్వాలని పాఠకుడికి ముందే చెబితే నవ్వడు. నవ్వు పుట్టించే మాట వాక్యం చివర్లో పడాలి, దాని తర్వాత వివరణ ఉండకూడదు. మీ మిగతా వాక్యాలన్నిటినీ ఈ ఒక్కదాన్ని పక్కన పెట్టుకుని తిరగరాయండి. ‘వ్యాఖ్యానించాడు’, ‘చమత్కరించాడు’ లాంటి క్రియలు తీసేసి ‘అన్నాడు’ పెడితేనే సగం బరువు దిగిపోతుంది.

యాసను దిద్దకండి. ఆయన ‘ఏందిరా’ అంటే ‘ఏమిటిరా’ అని రాయొద్దు.

బాగా చదివినవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. వాళ్లు సందర్భానికి తగ్గట్టు నోటి నుంచి నోటికి నడిచే పాత చాటువు ఒకటి వదులుతారు, వినేవాళ్లు అది ఆయన సొంతం అనుకుంటారు. పద్యం గానీ ప్రాస కుదిరిన వాక్యం గానీ ఉంటే వేటూరి ప్రభాకరశాస్త్రి గారి చాటుపద్య మణిమంజరి తిరగేసి చూడండి. అందులో దొరికితే కొట్టేయక్కర్లేదు. ‘ఈ చాటువును ఫలానా సందర్భంలో వాడాడు’ అని రాయండి. సమయానికి గుర్తు రావడం కూడా ప్రతిభే. శ్రీనాథుడి పేర, తెనాలి రామకృష్ణుడి పేర నడుస్తున్న చాటువుల్లో నిజంగా వాళ్లవి ఎన్నో తేల్చలేకపోతున్నాం. విన్నవాళ్లు అప్పటికప్పుడు, విన్నది విన్నట్టు, ఎవరి దగ్గర విన్నారో చెబుతూ రాసుకోకపోవడమే అందుకు పెద్ద కారణం. మీ ఊరి కవి విషయంలో జరిగింది మీ మిత్రుడికి జరగనివ్వకండి. ప్రతి మాట కింద చెప్పినవారి పేరు, రాసిన తేదీ వేయండి.

బతికున్న మనిషి మీద వేసిన చెణుకైతే ఆ మనిషికి చూపించి, సరేనంటేనే చేర్చండి. ఆయన తన మీద తాను వేసుకున్నవి మాత్రం ఒక్కటీ వదలొద్దు.

ప్రశ్న: మిత్రుడి ఫోను వాళ్లబ్బాయి దగ్గరుంది. నెల తిరగ్గానే సిమ్ తీసేస్తామంటున్నారు. మా వాట్సాప్ గ్రూపులో ఆయన వాయిస్ మెసేజులు చాలా ఉన్నాయి. అవి పోతాయా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ ఫోన్లో ఉన్నవి సిమ్ తీసేసినంత మాత్రాన పోవు. పోవడానికి వేరే కారణాలున్నాయి. మొదట గ్రూపు సెట్టింగుల్లో ‘డిసప్పియరింగ్ మెసేజెస్’ చూడండి. 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు – వీటిలో ఏదో ఒకటి పెట్టి ఉంటే మెసేజులు ఆ గడువుకు వాటంతటవే చెరిగిపోతాయి. ఇప్పుడు ఆపేసినా అది కొత్త మెసేజులకే వర్తిస్తుంది, పాతవి గడువుకు పోయేవి పోతూనే ఉంటాయి. కాబట్టి ఈ రోజే చాట్‌ను బయటకు తీయండి. ఆండ్రాయిడ్ ఫోనైతే గ్రూపు తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, ‘మోర్’లో ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ ఎంచుకుని మీ ఈమెయిలుకు పంపుకోండి. ఫొటోలు, ఆడియోతో కలిపి పంపితే ఇటీవలి 10,000 మెసేజుల వరకే వస్తాయి. అక్షరాలు మాత్రమే అయితే 40,000 వరకూ వస్తాయి. అందుకని రెండు రకాలుగానూ ఒక్కోసారి తీయండి. అంతకంటే పాత వాయిస్ మెసేజుల కోసం ఫోన్లోని ఫైల్ మేనేజర్లో ‘వాట్సాప్ వాయిస్ నోట్స్’ ఫోల్డరు వెతికి మొత్తం కంప్యూటర్లోకి కాపీ చేయండి. వాటికి పేర్లుండవు, అంకెలే ఉంటాయి. విని, ‘తేదీ – విషయం’ అని పేరు మార్చుకుంటే తప్ప ఏడాది తర్వాత ఏది ఏమిటో తెలియదు.

గ్రూపులో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంటుంది. ఫోను మార్చినవాళ్ల దగ్గర పాతవి ఉండకపోవచ్చు. కనీసం ముగ్గురు విడివిడిగా తీసి పెట్టుకోండి.

వాళ్లబ్బాయికి చెప్పండి: సిమ్‌ను కనీసం ఆరు నెలలు రీచార్జి చేస్తూ ఉంచాలి. ఈమెయిలు, ఇతర ఖాతాల ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి. వాడకుండా వదిలేస్తే కొన్ని నెలలకు నంబరు ఇంకొకరికి వెళ్లిపోతుంది. వాట్సాప్ 120 రోజులు వాడకపోతే సాధారణంగా ఖాతాను తొలగిస్తుంది, ఆయన పేరు గ్రూపుల్లోంచి వెళ్లిపోతుంది. ముందుగా తెలియకపోతే ఆ రోజు స్నేహితులు చాలా బాధపడతారు. గూగుల్ ఖాతాను రెండేళ్లపాటు ఎవరూ తెరవకపోతే అందులోని ఫొటోలతో సహా తొలగించే వీలుంది. ఫేస్‌బుక్‌లో మరణ ధ్రువపత్రం చూపించి పేజీని స్మృతి ఖాతాగా మార్చమని కోరవచ్చు. మార్చాక అందులోకి ఎవరూ లాగిన్ కాలేరు కాబట్టి కావలసినవి ముందే దించుకోవాలి. బ్యాంకు డబ్బు మాత్రం ఆ ఫోనుతో తీయకూడదు, దానికి క్లెయిమ్ దారి వేరే ఉంది.

ప్రశ్న: సంస్మరణ సభ పెడదామంటే మాకు భయంగా ఉంది. ‘తీరని లోటు’, ‘ఆత్మకు శాంతి’ తప్ప ఎవరూ ఏమీ మాట్లాడరు. ఎప్పుడూ నవ్వించే మనిషికి అలాంటి సభా? అసలు నవ్వొచ్చా?
– కొందరు మిత్రులు, హన్మకొండ

జవాబు: నవ్వొచ్చు. ఆయన భార్యాపిల్లలకు ముందుగా చెప్పి నవ్వాలి. సభకు రెండు రోజుల ముందు ఒకరు ఇంటికి వెళ్లి, ఏయే సంఘటనలు చెప్పబోతున్నారో వివరంగా చెప్పండి. వద్దన్నది తీసేయండి. తెలియకుండా ఎదురైతే హాలంతా నవ్వుతుంటే వాళ్లు మాత్రం ఏడుస్తూ కూర్చుంటారు.

పెద్దకర్మ రోజున సభ పెట్టకండి. ఆ రోజు ఇంటివాళ్లు నిలబడి నిలబడి అలిసిపోయి ఉంటారు, వచ్చినవాళ్లు భోజనాల హడావిడిలో ఉంటారు. నెల, నలభై రోజులు గడిచాక ఒక ఆదివారం సాయంత్రం పెట్టండి. మొత్తం గంటన్నర. ఆరుగురు వక్తలు, ఒక్కొక్కరికి 6 నిమిషాలు, అంటే 36. ఆయనకు ఇష్టమైన పుస్తకం నుంచి రెండు పేజీలు పైకి చదవడానికి 10 నిమిషాలు. ఆయన గొంతు వినిపించే రికార్డింగు ఉంటే 3 నిమిషాలు. మిగతాది సభలోనివాళ్లకు వదలండి. అసలు మంచి సంగతులు అక్కడే బయటపడతాయి. టీకొట్టు యజమాని, పాత పుస్తకాల షాపాయన, ఆయన దగ్గర పుస్తకాలు తీసుకెళ్లిన కాలేజీ కుర్రాడు వేదిక ఎక్కరు, కూర్చున్నచోటి నుంచి మాట్లాడతారు. అందుకే రెండో మైకు చేతిలో పట్టుకుని తిరిగే మనిషి ఒకరుండాలి. బ్యాటరీలు రెండు జతలు దగ్గర ఉంచుకోండి.

వక్తలకు ‘నాలుగు మాటలు మాట్లాడండి’ అని చెప్తే ‘తీరని లోటు’ వస్తుంది. పని పంచి ఇవ్వండి: ఒకరు బడి రోజులు, ఒకరు ఉద్యోగం, ఒకరు ఆయన చదువు, ఒకరు ఆయన కోపం. అవును, కోపం కూడా. ఒక్క సంఘటన చెప్పమనండి, జీవిత చరిత్ర వద్దు. ముందే రాసుకుని గడియారం పెట్టుకుని చదువుకోమనండి. పుట్టిన తేదీ, చదువు, ఉద్యోగాలు నిర్వాహకుడే మొదట్లో రెండు నిమిషాల్లో చెప్పేస్తే మిగతావాళ్లు అవే మళ్లీ చెప్పరు. ఆయన ముఖం కూడా తెలియని ముఖ్య అతిథిని పిలవకండి. శాలువాలు, వేదిక మీద డజను కుర్చీలు ఉన్నచోట కాలమంతా పేర్లు పిలవడానికే పోతుంది.

ఫొటో సంగతి. 12 × 18 అంగుళాల ఫొటో బాగా రావాలంటే 2400 × 3600 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది, పెద్దది చేస్తే మసక. తీసినవారి ఫోన్లోని అసలు ఫొటోను ‘డాక్యుమెంట్’గా పంపమనండి. ఆధార్ కోసం దిగిన ఫొటో వద్దు, మాట్లాడుతూ ఉండగా తీసింది వెతకండి.

ప్రశ్న: నాన్నగారి స్నేహితులు ఆయన పుస్తకాలు లైబ్రరీకి ఇచ్చేయమంటున్నారు. సుమారు 1,800 ఉన్నాయి. అమ్మకు ఇష్టం లేదు. కానీ చెదలు భయం.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సంవత్సరీకం దాకా ఏదీ ఇవ్వకండి. మీ అమ్మగారి మాటే సరైనది. ఈ లోపల చేయాల్సిన పని చాలా ఉంది.

మొట్టమొదట, దుమ్ము కూడా దులపకుండా, ప్రతి అరనూ ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయండి. ఏ పుస్తకం పక్కన ఏది పెట్టుకున్నారో అదీ ఆయన ఆలోచనలో భాగమే. ఒకసారి సర్దితే మళ్లీ తెలియదు. అరలకు నంబర్లు వేసి జాబితా మొదలుపెట్టండి: అర నంబరు, పుస్తకం, రచయిత, ప్రచురణ సంస్థ, సంవత్సరం, లోపల ఏమైనా రాశారా, ఏమైనా పెట్టారా. ఒకరు చదువుతుంటే ఇంకొకరు టైపు చేస్తే గంటకు 40 పుస్తకాల దాకా అవుతాయి. 1,800కు 45 గంటలు. ఆదివారానికి నాలుగు గంటల చొప్పున మూడు నెలల పని. నాన్నగారి స్నేహితుల్ని పిలవండి, సలహా ఇచ్చినవారు సంతోషంగా వస్తారు.

పేజీల మధ్య బస్సు టికెట్టు, ఉత్తరం, ఎండిన ఆకు దొరికితే పేజీ నంబరు రాసుకుని ఫొటో తీయండి. కాగితం ఆమ్లం పుస్తకానికి అంటకుండా దాన్ని విడిగా కవరులో పెట్టి, కవరు మీద పుస్తకం పేరు, పేజీ రాయండి. అంచుల్లో పెన్సిలుతో రాసుకున్న మాటలు నేరుగా తీస్తే ఫొటోలో ఒక్కోసారి సరిగా కనబడవు. దీపం పక్క నుంచి వాలుగా పడేలా పెట్టి తీయండి. గుండుసూదులు, పిన్నులు తుప్పు పట్టకముందే తీసేయండి. చిరిగినచోట సెల్లో టేపు వేయకండి, కొన్నేళ్లకు జిగురు పసుపు మరకగా కాగితంలోకి దిగుతుంది, ఇక పోదు.

చెదలు గోడలోంచి వస్తాయి. బీరువాలను గోడకు మూడు అంగుళాలు ఎడంగా జరిపి, కాళ్లు నేలకు ఎత్తులో ఉంచండి. గోడ మీద మట్టి గీత కనబడితే చేతితో తుడిచేసి ఊరుకోకండి, పుట్ట లోపల ఉంటుంది, మందు వేసేవాళ్లను పిలవాలి. వేపాకు పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. పెడితే బాగా ఎండినదే పెట్టండి. పచ్చిదాని తేమకు బూజు పడుతుంది. ప్లాస్టిక్ సంచుల్లో మూటగట్టి అటక ఎక్కిస్తే వానాకాలానికి బూజే మిగులుతుంది.

లైబ్రరీ ముద్ర ఉన్నవి, వేరేవాళ్ల పేరున్నవి ముందు వెనక్కి ఇచ్చేయండి. ఏడాది తర్వాత మీకు అక్కర్లేనివి మాత్రమే ఇవ్వండి. ఇచ్చే ముందు జాబితా పంపి, కావలసినవి వాళ్లనే ఎంచుకోమనండి. మీ ఊళ్లోనే గౌతమీ గ్రంథాలయం ఉంది. అరుదైన పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు ఉంటే 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనాన్నీ, హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రాన్నీ అడిగి చూడవచ్చు. మూడు విషయాలు కాగితం మీద తేల్చుకోండి: విడిగా ఒక బీరువాలో ఉంచుతారా, రెండో ప్రతులు అమ్మేస్తారా, ఆయన పేరు ముద్ర వేస్తారా. అంచుల్లో ఆయన రాసుకున్న పుస్తకాలు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

ప్రశ్న: స్మృతి సంచిక వేస్తున్నాం. 30 మంది రాస్తామన్నారు. ఆయన నాకు రాసిన ఉత్తరాలు నావే కదా, వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కాగితం మీది. అందులోని రచన మీద హక్కు రాసినవారిది, ఆయన తర్వాత వారసులది. మన దేశంలో రచయిత బతికుండగా అచ్చుకాని రచన మీద ఆ హక్కు అది మొదట అచ్చయిన ఏడాది తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటుంది. కుటుంబం దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఉత్తరంలో మూడో మనిషి ఇంటి సంగతులుంటే ఆ భాగం వదిలేసి, వదిలినచోట చుక్కలు పెట్టండి.

లెక్క ఇలా వేసుకోండి. డెమీ సైజులో, అంటే ఐదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాల పేజీలో, తెలుగు 210 మాటల దాకా పడతాయి. 30 వ్యాసాలు, ఒక్కోటి 800 మాటలు అంటే 24,000 మాటలు, 115 పేజీలు. ఫొటోలకు 8 కలిపితే 123. ప్రెస్సులో ఫారానికి 16 పేజీలు కాబట్టి 128కి, ఎనిమిది ఫారాలకు సర్దండి. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మ్యాప్‌లితో కాగితం, 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు అట్ట సరిపోతాయి. 300 ప్రతుల లోపైతే డిజిటల్ ప్రింటింగే లాభం. అను ఫాంట్లలో (డీటీపీలో వాడే పాత తెలుగు ఫాంట్లు) టైపు చేసినవాటిని యూనికోడ్‌కు మారిస్తే వత్తులు చెదురుతాయి, కాబట్టి మార్చాక మొత్తం మళ్లీ చదవాలి. మనుషుల పేర్లను ఇంకొకరి చేత విడిగా చదివించండి, ఎక్కువ తప్పులు పడేది అక్కడే.

రాసేవాళ్లందరికీ ఒక్క షరతు పెట్టండి: చావు కబురు ఎలా తెలిసిందో రాయొద్దు. ఆ పేరా లేకుండా ఎవరూ మొదలుపెట్టరు, 30 సార్లు చదివితే పాఠకుడికి ఆయన పోవడమే గుర్తుంటుంది. ఆ కబురు సంపాదకుడి ముందుమాటలో ఒక్కసారి చాలు.

ప్రశ్న: ఆయన మీద తెలుగు వికీపీడియాలో పేజీ పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పత్రికల్లో, పుస్తకాల్లో ఇతరులు ఆయన గురించి తగినంత రాసి ఉంటేనే నిలుస్తుంది. స్నేహితుల జ్ఞాపకాలు అక్కడ ఆధారం కావు, పేజీని తొలగిస్తారు. ఆ శ్రమ సంచిక మీద పెట్టండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. కడసారి చూపుకు అందుకోలేకపోయాను. ఆయన చివరిగా పంపిన మెసేజికి జవాబు కూడా ఇవ్వలేదు. ఇప్పుడు వదినకు ఏం రాయాలో తోచక రెండు నెలలు గడిపేశాను.
– ఒక పాఠకుడు

జవాబు: రెండు నెలలు ఆలస్యం కాదు. మొదటి పదిహేను రోజులు ఇంటి నిండా జనం, ఫోను మోగుతూనే ఉంటుంది. మూడో నెలకు అందరూ ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. మీ ఉత్తరం అప్పుడు చేరితే ఆమెకు ఎక్కువ పనికొస్తుంది.

చేతితో రాసి, ఫొటో తీసి పంపండి, అసలు కాగితాన్ని పోస్టులో వేయండి. ఒక పేజీ చాలు. ఆయన పేరు రాయండి, ‘పోయినవారు’ అని కాదు. ఆమెకు తెలిసే వీల్లేని ఒక సంగతి రాయండి: హాస్టల్లో ఆయన ఏం చదివేవాడు, పెళ్లిచూపులకు వెళ్లొచ్చిన రాత్రి మీతో ఏమన్నాడు. ‘ఏమైనా కావాలంటే చెప్పండి వదినా’ అని ముగించకండి. అలా అంటే ఎవరూ ఏమీ అడగరు. చేయగలిగింది పేరు పెట్టి చెప్పండి: ‘పుస్తకాల జాబితా టైపు చేయడం నేను ఇక్కడి నుంచి చేస్తాను, అరల ఫొటోలు పంపమనండి.’ జవాబు రాకపోయినా మళ్లీ నెలకు ఇంకో సంగతి రాయండి. ఆయన పుట్టినరోజునూ, తొలి పండుగనూ క్యాలెండరులో గుర్తు పెట్టుకుని ఆ రోజు ఫోన్ చేయండి.

ఆ చివరి మెసేజి గురించి. ఉన్నట్టుండి పోయినవారి స్నేహితులు చాలామంది ఇలాంటి ఒక బాకీ మోస్తుంటారు. ఆయనకు రేపు ఉందనుకునే మీరు జవాబు వాయిదా వేశారు, ఆయనా అలాగే అనుకుని పంపాడు. ఇప్పుడు దానికి జవాబు రాయండి, ఆయన అడిగినదానికే, మామూలుగా రాసినట్టే. అది వదినకు రాసే ఉత్తరంలో చేర్చాలో మీ దగ్గరే ఉంచుకోవాలో రాశాక తెలుస్తుంది. ఆరు నెలలు దాటినా నిద్ర, పని రెండూ కుదుటపడకపోతే మానసిక వైద్యుల్ని కలవండి. ఇండియాలో ఉన్న మీ మిగతా స్నేహితుల్లో ఎవరికైనా అలా ఉంటే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయమనండి, తెలుగులో మాట్లాడవచ్చు.